పాలెం గట్టు మీద మా నాయనమ్మ

నా చిన్నప్పుడు ఒక ఏడాది దివిసీమలో మా ఊరి మురుగు కాలువ పొంగింది. పోయినవి ముందు చెబుతాను. మా వైపు పొట్టకొచ్చిన వరి నలభై ఎకరాలు కుళ్లింది, రెండు గడ్డివాములు నానిపోయాయి, ఒక సూడి గేదె చచ్చిపోయింది. అవతలి గట్టు కింద, చేపలు పట్టుకునేవాళ్ల పాలెంలో, పదకొండు ఇళ్ల మట్టిగోడలు కూలాయి, మూడు వలలు కొట్టుకుపోయాయి, ఎండబెట్టుకున్న చేపంతా పాడైంది. మా అమ్మకీ మా నాయనమ్మకీ మధ్య మాటలు పోయింది కూడా ఆ రోజే. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకుని, ఊళ్లో నలుగురి పన్ను కాగితాలు చూసిపెట్టే మనిషిని నేను. ఏ లెక్కయినా నష్టం దగ్గర మొదలుపెట్టడం అలవాటైపోయింది.

ఆ కాలువకి ఇటు మేము, అటు పాలెం. నీళ్లు నిండుగా వచ్చినప్పుడు ఒక గట్టు తెగితే రెండో గట్టు నిలబడుతుంది. అందుకే పెద్ద వానలప్పుడు రెండు వైపులా మనుషులు కాపలా కాసేవాళ్లు. నీళ్లకన్నా అవతలివాళ్లంటేనే భయం ఎక్కువ. అంతకుముందు ఏడాది ఈ రెండు గట్లూ బాగుచేయడానికి ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది కానీ అది రెండింటికీ చాలదు. శిస్తు కట్టేవాళ్ల గట్టు ముందు వేయాలని ఒక పార్టీ. మా నాన్న అందులోనే ఉండేవాడు. లేనివాళ్ల గట్టు ముందు వేయాలని రెండో పార్టీ. కాఫీ హోటల్లో అదే వాదన, రైసు మిల్లు దగ్గర అదే, పెళ్లి భోజనాల బంతిలోనూ అదే. వాదన తేలేలోపు మార్చి దాటింది, డబ్బు వెనక్కి వెళ్లిపోయింది. ఏ గట్టు మీదా తట్టెడు మట్టి పడలేదు.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున రెండు పార్టీల పెద్దలూ మా అరుగు మీద కూర్చున్నారు.

“శిస్తు మనది, నీటి తీరువా మనది. రూపాయి కట్టనివాళ్ల కోసం మన చేలు ముంచుకుంటామా?” అన్నాడు మా నాన్న.

“వాళ్ల గట్టు వేద్దామంటే మీరే కదా బావా పడనివ్వలేదు,” అన్నాడు రెండో పార్టీ పెద్దాయన. మళ్లీ తనే, “అయినా నావీ పదెకరాలు పొట్ట మీదున్నాయి. వాళ్లకి పడవలున్నాయిగా, ఎక్కుతార్లే,” అన్నాడు.

ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు అలా ఒక్క మాట మీదకొచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అవతలి కాపలావాళ్లు తిండికి దిగిన వేళ చూసి, పాలెం గట్టుకి గండి కొట్టాలి. తలుపు వెనక నేనూ, కాఫీ గ్లాసులు పట్టుకున్న మా నాయనమ్మా విన్నాం. ఆవిడ ఏమీ విననట్టే గ్లాసులు అందరికీ అందించి, పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ముంపునీళ్లకి పాలెం దగ్గర పెద్ద పెద్ద చేపలు ఎక్కాయట, పిల్లలకి చూపించి తెస్తానంది. గండి సంగతి తెలియని తల్లులు పంపించారు. నాతో కలిపి తొమ్మిదిమందిమి పోగయ్యాం. అరుగు మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషి ఇంటి నుంచీ ఒకరున్నారు. తాటి దూలాల వంతెనకి జానెడు కిందే నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. మిగతావాళ్లు కేరింతలు కొడుతుంటే నేను ఆవిడ కొంగు లాగాను. “నాయనమ్మా, అటు వద్దు. అటు కొడతారు.” ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. “తెలుసు, నడువు,” అంది.

పాలెంలో ఒక అత్త మా అందర్నీ ఇంట్లో కూర్చోబెట్టి, వేడన్నంలో ఎండు రొయ్యల కూర కలిపి పెట్టింది. నాకు ముద్ద దిగలేదు. గుమ్మంలోంచి గట్టు కనిపిస్తోంది. అది మా తలలకన్నా ఎత్తులో ఉంది, దాని వెనక కాలువ మోత. గట్టు పాదంలో అప్పటికే చెమ్మ ఊరుతోంది. కూర చప్పగా ఉందా అని ఆ అత్త అడుగుతోంది. ఆవిడకి తెలియదని నాకు తెలుసు. నోరు విప్పితే ఏడుపొస్తుందని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

మావాళ్లు పారలు, గునపాలతో తాడు పట్టుకుని దాటి వచ్చారు. అప్పటికి వంతెన మీద మోకాలి లోతు నీళ్లు. సరిగ్గా గండి కొట్టాల్సిన చోట మా నాయనమ్మ చేపలబుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

“అమ్మా, లే. వానొస్తోంది,” అన్నాడు నాన్న.

“కొట్టుకోరా. కింద ఆ ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు అన్నం తింటున్నారు. ఎవరెవరి పిల్లలో చెప్పమంటావా?”

నాన్న గట్టు దిగి గుమ్మందాకా వచ్చాడు. నన్ను చూడగానే చేతిలో పార వదిలేశాడు. “ఇంటికి తీసుకొచ్చెయ్యమ్మా,” అని గట్టు మీదికి కేకేశాడు. “వంతెన మునిగిందిగా. మీరే తాడు పట్టుకుని దాటారు, పిల్లల్ని ఎట్టా తెస్తాను?” అందావిడ.

అవే పారలతో మట్టి తవ్వి గట్టు మీద పోశారు. పాలెంవాళ్లు గోనెసంచులు, పాత వలలు తెచ్చారు. నడుం లోతు బురదలో నిలబడి కూడా “మీ పార్టీ వల్లేనయ్యా ఇదంతా!” “మీరు అడ్డం పడకపోతే ఏనాడో వేసేవాళ్లం!” అని తిట్టుకుంటూనే తట్టలు అందించుకున్నారు. గట్టు నిలిచింది. రెండు వైపులా నీళ్లు పొర్లి చేలూ గోడలూ పోయాయి, మనుషులు మిగిలారు. తర్వాత పరిహారం ఎకరాల లెక్కన మాకొచ్చింది. పోరంబోకు స్థలంలో ఇళ్లు కాబట్టి పాలేనికి ఏమీ రాలేదు.

తన బిడ్డని పణం పెట్టిందని అమ్మ ఆవిడని క్షమించలేదు. అమ్మది తప్పని నేననలేను. ఇప్పటికీ టీవీ చర్చల్లో ఎవరైనా “మన పన్నులు వాళ్లకెందుకు పెట్టాలి” అనగానే నేను ఆ ఇంట్లోనే కూర్చుని, గట్టు వైపు తలెత్తి చూస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత రెండు పార్టీలూ ఎన్నోసార్లు గెలిచాయి. మా గట్టు మీద తారు రోడ్డు పడింది. పాలెం గట్టు మీద కాస్త మట్టి పోశారు. ప్రతి వేసవీ టేపు పట్టుకెళ్లి, నీటి మట్టం నుంచి రెండు గట్ల ఎత్తూ కొలుస్తాను. ఈ వేసవికి కూడా పాలేనికి ఇంకా బాకీ ఉన్నది మూడున్నర అడుగులు.