గోలీ పెట్టె చిన్న తలుపు

మా బాపు పేరు ప్రేమదాసు. మొయినాబాద్ చుట్టుపక్కల కరెంటు దాసు అంటేనే ఎక్కువమంది గుర్తుపడతారు. మాది మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ ఊరు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం, పెళ్ళిళ్ళకు బల్బులు కట్టడం, పండగలప్పుడు చర్చిలో మైకు సరిచేయడం ఆయన పని. పని చేసేటప్పుడు నోట్లో స్క్రూలు పెట్టుకుంటాడు. అందుకే మాట్లాడడని మా అమ్మ మారెమ్మ అంటుంది, కానీ స్క్రూలు లేనప్పుడు కూడా పెద్దగా మాట్లాడడు. ఆయనకు చేవెళ్ళలో ఒకే ఒక్క దోస్తు ఉండేవాడు. ఆ దోస్తానీ ఎలా పోయిందో దగ్గరుండి చూశాను.

ఆ దోస్తు పేరు కాశీనాథ్. బస్సులు ఆగే చోట ఆయనకు చాయ హోటలు ఉంది, దాని వెనకే ఇల్లు. చిన్నప్పుడు ఇద్దరూ మిషన్ బడిలో ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నారట. పెద్దయ్యాక బాపు నలుగురిలో ఆయనను సేటూ అనేవాడు, ఎవరూ లేకపోతే కాశన్నా అనేవాడు. ఆయన మాత్రం ఎక్కడైనా దాసూ అనే పిలిచేవాడు.

బాపు పెళ్ళికి ముందు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో కరెంటు పని నేర్చుకున్నాడు. అక్కడ ఒక మూలన గోలీలాట యంత్రం ఉండేది. ఇంగ్లీషులో పిన్‌బాల్ అంటారట. అద్దం కింద ఏటవాలు బల్ల, దాని మీద పుట్టగొడుగుల్లాంటి గుబ్బలు. ఇనుప గోలీ వెళ్ళి గుబ్బకు తగిలితే అది గోలీని వెనక్కి కొడుతుంది, గంట మోగుతుంది, ఎదుటి పలకలో దీపాలు వెలుగుతాయి. కింద రెండు రెక్కలుంటాయి. పక్కనున్న మీట నొక్కితే అవి లేచి గోలీని పైకి తంతాయి. బాపు ఈ సంగతులు చెబుతుంటే కాశీనాథ్ సేటు చిన్నపిల్లవాడిలా వినేవాడట. ఆ క్లబ్బు వాళ్ళు పాత సామాను అమ్మేస్తున్నారని తెలియగానే ఇద్దరూ లారీలో వెళ్ళి దాన్ని తెచ్చుకున్నారు. చేవెళ్ళలో దానికి గోలీ పెట్టె అని పేరు పడింది.

పెట్టెకు ముందువైపు, పైసలు వేసే చోట, అరచెయ్యి వెడల్పున ఇనుప తలుపు ఒకటి ఉంది. దుకాణంలోకి కొత్త వస్తువు వస్తే పూజ చేయకుండా ఉండరు కదా. సేటు భార్య సుమిత్రమ్మ ఆ తలుపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం అక్కడే కొబ్బరికాయ కొట్టడం, ఆ నీళ్ళు తలుపు మీద చల్లడం, ఊదుబత్తి వెలిగించడం.

ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, ఆ ఏడు బడి మూతపడింది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక కాలేజీలు, బడులు నెలల తరబడి తెరవలేదు. మళ్ళీ తెరిచాక నన్ను పంపలేదు. అప్పటికే సుమిత్రమ్మ ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చోవడం అలవాటైంది. జాకెట్లు కుట్టేదాన్ని. బాపు సైకిలు వెనక కూర్చుని వచ్చేదాన్ని, ఆయనతోనే తిరిగి వెళ్ళేదాన్ని. వెనక వరండాలో నా మిషను. తలుపు తెరిచి ఉంటే హోటలంతా కనిపించేది. నన్ను ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అది నాకు బాగుండేది.

కాలేజీలు లేని పిల్లలంతా హోటల్లోనే ఉండేవాళ్ళు. పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం గోలీ పెట్టె. సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టెకు జబ్బు పట్టింది. బాగా ఆడుతూ ఆడుతూ టప్పున ఆరిపోయేది. ఫ్యూజు కాలిపోయేది. కొత్త ఫ్యూజు వేస్తే ఒక్కోసారి వెంటనే కాలిపోయేది, ఒక్కోసారి నాలుగు రోజులు ఏమీ అయ్యేది కాదు.

"ఇది గూడ బందుల కలిసిందిరా!" అని పిల్లలు అరిచేవాళ్ళు.

"దాసన్నా, దీనికి జర జై తెలంగాణ అనుడు నేర్పియ్యరాదే. అప్పుడన్న మన మాట ఇంటదేమో."

బాపు నవ్వి ఊరుకునేవాడు. ఎక్కడో ఒక తీగ తగలకూడని చోట తగులుతోంది. ఎప్పుడూ తగులుతూ ఉంటే పట్టుకోవచ్చు. ఇది ఆయన సైకిలు చూడగానే మంచిదైపోయేది. ఆయన వీపు తిప్పితే మొదలయ్యేది.

ఆయన పద్ధతి ఒకటుంది. తొందరపడి అన్నీ విప్పడు. లోపల గుడ్డ చుట్టిన పాత తీగలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక కట్టను విడదీసి, రోజంతా ఆడనిచ్చి, ఫ్యూజు కాలిందా లేదా చూసి, దాన్ని తిరిగి కలిపి ఇంకో కట్టను విడదీసేవాడు. గుబ్బల కింద తీగ చుట్టలు చూశాడు. రెక్కలు చూశాడు. పెట్టెను ఊపితే ఆట ఆపేసే లోలకం ఉంటుంది, దాన్నీ చూశాడు. రెండు తీగలకు చిన్న బల్బు కట్టి ఒక్కొక్క చోట తాకించి, అది వెలగకూడని చోట వెలుగుతుందేమోనని నేల మీద పడుకుని చూసేవాడు.

శుక్రవారం పూజ మొదలవుతుంటే లేచి, సామాన్లు జరిపి, బయటికి వెళ్ళి రోడ్డు వైపు నిలబడేవాడు. నేను ఒకసారి ఇంటికి వెళ్తుంటే దారిలో అడిగాను.

"బాపూ, ముందటి చిన్న తలుపు ఎందుకు ఇప్పవు?"

"అది వాళ్ళు పూజ జేసే జాగ బిడ్డా. మనం ముట్టద్దు. దానికి పొయ్యే తీగను ఎనుకనుంచి జూసిన. మంచిగనే ఉన్నది."

నాకు కరెంటు సంగతి తెలియదు. బాపు చూశాడంటే చూసినట్టే అనుకున్నాను.

వానాకాలం వచ్చాక జబ్బు ముదిరింది. పిల్లలు విసుగెత్తి రావడం తగ్గించారు. సేటు మొహం మారింది. బాపు సైకిలు దిగగానే "చాయ తాగు దాసూ" అనేవాడు ఇదివరకు, ఇప్పుడు "ఏమైంది?" అని అడిగేవాడు.

"దొరుకుతది సేటూ. జర ఓపిక పట్టు."

"నువ్వు పట్టమన్నన్ని దినాలు పట్టిన. నువ్వే తెమ్మంటివి, నువ్వే జూస్తనంటివి."

ఇంటికొచ్చాక బాపు అన్నం ముందు కూర్చుని కూడా ఆలోచిస్తూనే ఉండేవాడు. అమ్మ కోప్పడేది. "గోలీ పెట్టె పాడుగాను. పొలాల మోటార్లు ఎదురుజూస్తున్నయి, నువ్వేమో పిలగాండ్ల ఆటవస్తువును పట్టుకొని ఏలాడవడ్తివి!"

"పెట్టె కోసం గాదే," అన్నాడు బాపు. "కాశన్న నా మాట మీద తెచ్చిండు. పది మందిల తలకాయ దించుకుంటుండు."

ఒక శనివారం మేము వెళ్ళేసరికి పెట్టె ముందు కొత్త మనిషి ఉన్నాడు. పట్నం నుంచి సేటు పిలిపించిన మెకానిక్ భిక్షపతి. బాపుకు ఎవరూ ముందే చెప్పలేదు. ఆయన సంచీ పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాడు.

భిక్షపతి బీడీ చెవి మీద పెట్టుకుని పెట్టెను ఒకసారి చుట్టి వచ్చాడు. ముందు కూర్చున్నాడు. భుజం మీది గుడ్డ తీసి ఆ చిన్న తలుపు మీది పసుపు, కుంకుమ గబగబా తుడిచాడు. స్క్రూలు విప్పి తలుపు లాగాడు. లోపలి వైపు పైసలు పడే చీలిక కింద పసుపూ కుంకుమా ముద్దగా గడ్డకట్టి ఉన్నాయి. కొబ్బరినీళ్ళు తాగి తాగి తీగ మీది గుడ్డ కుళ్ళిపోయింది. నిన్న శుక్రవారం. ఇంకా తడిగానే ఉంది. తడి ఉన్నప్పుడు కరెంటు తలుపు ఇనుముకు పాకుతుంది, ఆరిపోతే ఆగిపోతుంది. బాపు వెనకనుంచి చూసిన రోజు అది ఆరి ఉండాలి.

"ఇగో సేటూ, నీ దయ్యం," అన్నాడు భిక్షపతి. "ప్రతి శుక్రవారం నీళ్ళు పోసి పెంచుతున్నవు."

పిల్లలు గొల్లున నవ్వారు. కొత్త తీగ వేశాక పెట్టె వెలిగింది, గంటలు మోగాయి, పిల్లలు ఈలలు వేశారు. నేను బాపునే చూస్తున్నాను. ఆయన కూడా వెలుగుతున్న దీపాలను చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో సంతోషమే కనిపించింది.

సేటు ఆయనను చెయ్యి పట్టుకుని వెనక వరండాలోకి తెచ్చాడు. నేను అక్కడ ఉన్నానని మరిచిపోయినట్టున్నారు. మిషను తొక్కడం ఆపేశాను.

"దాసూ, నీకు గా తలుపు కనవడలేదా?"

"కనవడ్డది."

"మరెందుకు ఇప్పలే?"

"పూజ జేసే తలుపు. నేనెట్ల ముట్టుకుంట?"

సేటు కళ్ళు ఎర్రబడ్డాయి. "నన్ను అడగవైతివి గదా! నీకు నాకు నడుమ ఆ ఫరక్ ఎప్పుడున్నది? ఒక్కనాడన్న నిన్ను ఆ మాట అన్ననా?"

"అనలే."

"మరి? గిన్నేండ్ల దోస్తానీల నన్ను గిట్ల అనుకుంటివా?"

బాపు నేల వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "మీ అమ్మ సత్తమ్మ బతికున్నప్పుడు మీ దేవుని గూట్ల బల్బు పెట్టిన. యాదికున్నదా?"

"ఉన్నది. ఇప్పటికీ బల్బు గా జాగలనే ఉన్నది."

"పెట్టి పోయిన. పానా మర్చిపోయి మళ్ళొచ్చిన. గూడు కడుగుతున్నరు. నేను ముట్టిన తీగ, గోడ, అన్నీ. అమ్మ కడిగినందుకు నాకేం లేదు కాశన్నా. పాతకాలపు మనిషి. బాయిల నీళ్ళు తోడి బిందె అందిచ్చింది నువ్వు."

సేటు పెరట్లోని బావి వైపు తిరిగి చూశాడు.

"నేను తోడిన్నా?" అన్నాడు. "దాసూ, ఒట్టు, నాకు యాదికి లేదు."

"నాకున్నది."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే సేటు కూడా తిరిగి ఏదో అనేవాడు, ఇద్దరూ అరుచుకునేవాళ్ళు, అది అక్కడితో అయిపోయేదేమో. బాపు సంచీ భుజానికి వేసుకుని "పోదాం బిడ్డా" అన్నాడు. దారిలో ముడిమ్యాల మలుపు దగ్గర "గట్టిగ పట్టుకో, గుంతలున్నయి" అన్నాడంతే. ఆ బిందె సంగతి ఆయన మా అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదని ఆ రాత్రి ఆమెను అడిగితే తెలిసింది.

కొన్నాళ్ళకు బస్సులు లేని రోజున కాశీనాథ్ సేటు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎన్నోసార్లు మా వాకిట్లోకి వచ్చాడు కానీ ఏమీ తాగేవాడు కాదు. మేమూ ఇచ్చేవాళ్ళం కాదు. ఆ రోజు మంచం మీద కూర్చుంటూనే "చెల్లే, గిన్ని నీళ్ళియ్యి" అని అమ్మను అడిగాడు. అమ్మ బాపు వైపు చూసి, గ్లాసు కడిగి తెచ్చింది. ఆయన మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"తలుపుకు పూజ బంద్ జేసిన దాసూ."

"పూజ బంద్ చెయ్యమని నేనెప్పుడన్న అన్ననా?"

"మరేం చెయ్యమంటవో చెప్పు. చేస్త."

బాపు చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. ఆ ముఖం నాకు తెలుసు. పెట్టె కింద పడుకుని బల్బు చూసేటప్పటి ముఖం.

"ఏం లేదు కాశన్నా," అన్నాడు. "వాన వచ్చేటట్టున్నది. ఎల్లు."

రోడ్డు దాకా సాగనంపాడు. ఇద్దరూ చేతులు ముట్టుకోలేదు.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. బాపు ఇప్పుడు మోకిల, శంకరపల్లి వైపే పనులకు పోతాడు. చేవెళ్ళ నుంచి ఎవరైనా పిలిస్తే "అక్కడ వేరేటోళ్ళున్నరు" అంటాడు. మొన్న సుమిత్రమ్మ జాకెట్లు కుట్టాలని నాకు కబురు పెట్టింది. బస్సెక్కే ముందు బాపు నా వెంట రోడ్డు దాకా వచ్చాడు.

"కాశన్న మంచిగున్నడా జూసి రా బిడ్డా. నేను అడిగిన్నని చెప్పకు."

చేవెళ్ళలో దిగాను. సేటు గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, నా వెనక రోడ్డు వైపు అటూ ఇటూ చూశాడు.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?"

"ఒక్కదాన్నే," అన్నాను.