పద్నాలుగు సార్లు విన్న గొంతు

సకల జనుల సమ్మెలో ఎల్బీ నగర్‌లోని మా ఆఫీసుకు తాళం పడింది. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడు ఉంటుందో దానికే తెలియదు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని ముందే గుంటూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, కిరాయి ఇంటి పై అంతస్తులో నేనూ నా రికార్డు ప్లేయరూ మిగిలాం. బయట జనం అన్నీ మానుకుని రోడ్డెక్కితే నాకు మాత్రం వేసవి సెలవులు ఇచ్చినట్టు అనిపించింది. ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, ఇంకా అసలు సంగతికి రానేలేదు.

ఆ రోజుల్లో నాకు సూది వాలు పిచ్చి. రికార్డు గాడిలో నడిచే సూది మరీ నిటారుగా ఉండకూడదు, మరీ వాలిపోనూ కూడదు. రికార్డును కోసిన సూది ఏ వాలులో ఉందో, వినిపించే సూదీ అదే వాలులో ఉండాలి. సూదిని మోసే చేతిని వెనకవైపు కాస్త ఎత్తితే ఒక వాలు, కాస్త దించితే ఇంకో వాలు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ‘స’, ‘శ’ పలికినప్పుడల్లా బుస్సుమంటుంది. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని కోణమాని, మా ఆవిడ చేతి అద్దం, టార్చి లైటు, భూతద్దం, ఇవీ నా పనిముట్లు. రికార్డు తిరిగే పళ్లెం మీద అద్దం పెట్టి, సూదీ అద్దంలో దాని నీడా ఎక్కడ కలుస్తున్నాయో చూస్తూ గంటలు గడిపేవాణ్ణి. “దానికి జాతకం కూడా చూపించండి, సరిపోతుంది,” అనేది మా ఆవిడ.

కింద వాటాలో ఇంటి ఓనరు ఉండేవాడు. పోచంపల్లి వైపు నేతపని ఇంటివాడు, కొత్తపేటలో చీరల కొట్టు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అయినా నన్ను సార్ అనే పిలిచేవాడు. సమ్మె మొదట్లో ఒకరోజు కుర్రాళ్లు గుంపుగా వచ్చి, పై ఇంట్లో ఆంధ్రావాళ్లు ఉన్నారట కదా అని అడిగితే, గేటుకు అడ్డంగా నిలబడి, “మా ఇంట్ల ఉన్నోళ్లు మా మనుషులే, పోయి పని చూసుకోన్రి,” అన్నాడు. నేను మెట్ల మీద నిలబడి అంతా విన్నాను. కిందికి దిగి ఒక దండం పెట్టాల్సింది. ఆ పని చేయలేదు.

మూడు రోజుల తర్వాత ఆయన పాత పట్టుగుడ్డలో చుట్టిన రికార్డు పట్టుకుని పైకి వచ్చాడు.

“సార్, మీకాడ గా మిషను ఉన్నది గదా. గిది జర వినిపిస్తరా?”

అది కంపెనీ అచ్చు వేసిన రికార్డు కాదు. పల్చటి రేకు మీద నల్లటి పూత. ఒకప్పుడు నుమాయిష్‌లో, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్‌లో, ఒక స్టాలువాడు మనిషిని గాజు గదిలో నిలబెట్టి, మాట్లాడించి, అప్పటికప్పుడు కోసి ఇచ్చాడట. మాట్లాడింది ఆయన అక్క. అప్పుడాయన మలక్‌పేట హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాడు. ఆయన్ని చూడడానికి ఊరి నుంచి వచ్చి, నుమాయిష్ చూసి, ఇది చేయించి, తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లింది. ఆ ఎండాకాలం జ్వరంతో పోయింది. అదే ఏడాది, అరవై తొమ్మిదిలో, మొదటిసారి తెలంగాణ గొడవలై బడులు మూతపడ్డాయి.

“స్టాలుల ఒక్కపారి పెట్టి వినిపిచ్చిండు. గా గుంపుల ఏం వినరాలే. ‘తమ్ముడా’ అన్నది, గంతే. ఎన్కనుంచి ఏమన్నదో తెల్వది. ఇంట్ల మిషను లేకుండె. తర్వాత కొట్టు, పిల్లలు... గిన్నేండ్లు మూటల్నే ఉండె. ఫోటో గూడ లేదు సార్ అక్కది.”

అప్పుడే తిప్పి వినిపిస్తే ఐదు నిమిషాల పని. కుర్చీ చివర కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆయన సిద్ధంగా ఉన్నాడు కూడా. నేనే, “ఇలా కాదండీ, దీనికి వేరే సూది వేయాలి, వాలు సరిచేయాలి. కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేసి ఇస్తాను. రేపు రండి,” అన్నాను. పెద్ద ఆపరేషను చేయబోయే డాక్టరులా అన్నాను. ఆయన సరే సరే అంటూ దిగిపోయాడు.

ఇలాంటి రికార్డులు మెత్తనివి. పది సార్లు తిప్పితే గాడి చెడిపోతుంది. అందుకే ముందు ఎక్కించుకుని, తర్వాతే ఏదైనా చేయాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

మొదటిసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిప్పాను. రెండు నిమిషాలు. గొంతు చక్కగా, దగ్గరగా ఉంది, ‘స’ దగ్గర మాత్రం బుస్సుమంటోంది. సూదిని మోసే చేతిని కొంచెం దించాను. రెండోసారి తగ్గింది, కానీ గొంతు మొద్దుబారింది. మళ్లీ ఎత్తాను. కంప్యూటరుకు తీగ పెట్టే ఉంది, మీట నొక్కడమే తరువాయి. నొక్కలేదు. ఎక్కిస్తే మచ్చలేనిదే ఎక్కించాలని పంతం. ఐదోసారికి సూది కింద నల్లటి పొడి పేరుకుంది. దుమ్మనుకుని బ్రష్షుతో తుడిచాను. ఏడోసారి తుడుస్తున్నప్పుడు అది దుమ్ము కాదని అర్థమైంది. అయినా ఆపలేదు. ఇంకొక్కసారి, వాలు దొరికేస్తుంది అనుకుంటూ తిప్పాను. మధ్యలో కరెంటు పోయి, పళ్లెం ఆగి, సూది గాడిలోనే కూరుకుపోయింది. కరెంటు వచ్చాక మళ్లీ అక్కడినుంచే.

పద్నాలుగోసారికి నాకు కావలసిన వాలు దొరికింది. బుస్సుమనడం లేదు. గొంతు కూడా లేదు. చూరు మీద వాన పడుతున్న మోత, దాని వెనక ఎక్కడో ఎవరో ఉన్నట్టు ఉంది. అప్పుడు నొక్కాను మీట.

మర్నాడు పొద్దున ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. స్పీకర్లలో పెట్టి వినిపించాను. ఆయన స్పీకరు దగ్గరికి చెవి తెచ్చి, ఊపిరి బిగబట్టి, రెండు నిమిషాలూ విన్నాడు. అయిపోయాక నా మొహంలోకి చూశాడు. ఇంకా అసలుది ఉంది, ఇప్పుడు పెడతాను అంటానేమోనని.

“పాతది కదండీ, అరిగిపోయింది,” అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. “మీరు దాచిన చోట చెమ్మ తగిలినట్టుంది,” అని కూడా అన్నాను.

“నా తప్పే సార్. బీరువల పెట్టుమని మా ఇంటామె మస్తు సార్లు చెప్పింది. నేనే ఇనలే. మీకు ఉత్తగ పరేషాన్ చేసిన, ఏమనుకోకున్రి.”

నాకు క్షమాపణ చెప్పాడు! ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే ఎక్కడున్నా తల దించుకుంటాను.

ఆయన రికార్డును గుడ్డలో చుట్టుకుని మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“మీరు నిన్న విన్నరు గదా సార్, శురూల. అప్పుడేమన్న జర మంచిగ వచ్చిందా? ఏమన్నది మా అక్క?”

ఆయన అక్క మాటలు ఈ భూమ్మీద పూర్తిగా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పద్నాలుగు సార్లు విన్నాను. అందులో ఎన్ని ‘స’లు ఉన్నాయో, ఏది ఎక్కడ బుస్సుమందో చెప్పగలను. ఒక్క మాటా గుర్తు లేదు. మాటలు విందామన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ యాస మీద నాకు మొదటినుంచీ ఉన్న చులకన కూడా అందులో కొంత ఉందేమో. లేదని ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

తెలియదండీ, నేనే పాడుచేశానండీ అనాలి. నోటి దాకా వచ్చింది. బయటికి మాత్రం, “చివర్లో మీ గురించే అందండీ. జాగ్రత్తగా ఉండు తమ్ముడూ, అని,” అన్నాను.

ఆయన నుదురు ముడిపడింది.

“జాగ్రత్త అనదు సార్ మా అక్క. గా మాట మా ఇంట్ల ఎవ్వరు అనరు. పైలం అంటది.”

దొరికిపోయాననుకున్నాను. దొరికిపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన కళ్లలో అనుమానం లేదు, ఆశ ఉంది.

“అవునండీ, అదే. పైలం అనే అంది. నేను మా మాటలో చెప్పాను.”

“పైలం తమ్ముడా, అన్నదా?”

“అన్నదండీ.”

ఆయన గబగబా మెట్లు దిగాడు. వంటింటి దగ్గర నిలబడి ఇంటామెను కేకేశాడు. “ఏమే, ఇంటున్నవా? అక్క పైలం తమ్ముడా అన్నదంట! సారు తన చెవులతోని విన్నడంట!” ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, నిజమేనా అన్నట్టు పైకి, నా వైపు చూసింది.

నేను తల ఊపాను.