పసుపు పూసిన ఫోన్

2005. అల్వాల్ బస్‌స్టాపు పక్కన నాకు మొబైల్ రిపేరు కొట్టు ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊపందుకున్న రోజులు. నిశ్చితార్థానికి పెళ్లికూతురికి ఉంగరంతో పాటు సెల్‌ఫోన్ కూడా పెట్టడం మొదలైంది. నా గిరాకీ సగం దాని పుణ్యమే.

ఒక శనివారం పొద్దున బొల్లారం నుంచి మల్లేశం గారు వచ్చారు. వడ్రంగి మేస్త్రీ. జేబురుమాలులో మూటగట్టిన ఫోన్‌ను బల్ల మీద పెట్టారు. బటన్ల సందుల్లో పసుపు, తెర మీద కుంకుమ బొట్టు, లోపలి నుంచి కొబ్బరినీళ్ల వాసన.

“ఏంటండీ ఇది?” అన్నాను.

“కాబోయే అల్లుడు మా లతకిచ్చిన ఫోనన్నా. మా అమ్మ బండికి చేసినట్టే పూజ చేసింది. ఇగ మోగుతలేదు. పిల్ల మూడు దినాల సంది అన్నం ముడ్తలేదు.”

“ఇంకో ఫోన్ నుంచి అబ్బాయికి చెప్పొచ్చు కదా?”

“నంబర్ గా ఫోన్లనే ఉన్నది. ఎవ్వరికి నోటికి రాదు. ఈ ముచ్చట బయట చెప్పకన్నా, ఇజ్జత్ పోతది.”

విప్పి చూస్తే బోర్డు షార్ట్ అయింది. అంటే, తడికి కలవకూడని కరెంటు దారులు కలిసిపోయాయి. ఐపీఏ అనే స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి. ఆయన్ని టీ తాగి రమ్మని పంపి, సిమ్ బతికే ఉందో లేదో చూద్దామని నా పాత ఫోన్‌లో వేశాను.

అంతలో ఒక కుర్రాడు బైకు దిగాడు. యాప్రాల్‌ నుంచి వచ్చానన్నాడు. సెలవు రోజు కూడా మెడలో కంపెనీ కార్డు.

“అన్నా, నా ఫోన్ ఖరాబైంది. ఒక్క నంబర్‌కే పోతలేదు. స్విచాఫ్ అంటుంది.”

“ఒక్క నంబరుకే పోకపోతే తప్పు మీ ఫోన్‌ది కాదు బాబూ.”

“గట్లయితే ఆమెకు నేను ఇష్టం లేనట్టే. జెర చూసి చెప్పండి. నా ఫోన్ మంచిగుంటే ఇయ్యాల్నే సంబంధం కాన్సిల్ చేస్త.”

“ఏదీ, నా ముందు కొట్టండి” అన్నాను.

కొట్టాడు. బల్ల మీద, సిమ్ వేసిన నా పాత ఫోన్ మోగింది.

కుర్రాడు తన ఫోన్ చూశాడు, నా ఫోన్ చూశాడు, తర్వాత నా బట్టతల చూశాడు. “లత నంబర్ నీ దగ్గర ఎందుకుంది?” అన్నాడు. మర్యాద అంతా ఒక్క క్షణంలో ఎగిరిపోయింది.

ఒకరి ఫోన్ సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది మా వృత్తి నియమం. అతని చెయ్యి నా కాలర్ దాకా వచ్చేసరికి ఆ నియమం కాస్త వదులైంది. పసుపు ఫోన్ చూపించి జరిగింది చెప్పేశాను. నమ్మలేదు. ఆ మాటకొస్తే, నేనైనా నమ్మను. అదృష్టం బాగుండి అప్పుడే మల్లేశం గారు తిరిగొచ్చారు.

“అల్లుడా! నువ్వేందీ ఈడ?”

“మామా, నిజంగనే ఫోనుకు కొబ్బరికాయ కొట్టిన్రా?”

“మా అమ్మ కొట్టింది బిడ్డా. నువ్విచ్చిన తొలి వస్తువని...” ఆయన తల దించుకున్నారు.

కుర్రాడు స్టూలు మీద కూలబడి పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలేసింది, ఒళ్లు కూడా మండింది.

“యాప్రాల్ నుంచి బొల్లారం ఎంత దూరం బాబూ? ఒక్కసారి ఇంటికెళ్లి అడిగితే సరిపోయేది కదా!”

అతను నన్ను వింతగా చూశాడు. “ఫోన్ చెయ్యకుంట ఎట్ల పోతరన్నా?”

మల్లేశం గారు కూడా “నిజమే గద” అన్నారు.

ఇద్దరినీ ఒకే బైకు ఎక్కించి బొల్లారం తరిమాను. సాయంత్రానికి ఫోన్ బాగైంది. పది రోజులదాకా దాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు.

ఆనాటి నుంచి, ఫోన్ పోయి మనిషితో మాట ఆగిపోయిందని ఎవరొచ్చినా, ముందు ఆ మనిషి ఇల్లెక్కడని అడుగుతాను. దగ్గరే అంటే, స్పేర్ పార్టు రేపు గానీ రాదని అబద్ధం చెబుతాను.