కొత్త మూకుడు

ఆ పులిహోర పొట్లాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆక్లాండ్‌లో మేముండే బోటనీ డౌన్స్‌లో మా పక్కింటి ఆంటీది దక్షిణ చైనాలో ఒక కొండ పల్లె. మా ఇంట్లో ఆకుకూరలు చాలావరకు ఆవిడ పెరట్లోవే. తుంటికి ఆపరేషన్ అయ్యాక అంత దూరం విమానంలో కూర్చోలేకపోతోంది. పోయినేడాది మేం మూడు తెలుగు కుటుంబాలం అటువైపు పల్లెలు చూడటానికి వెళ్తున్నామని తెలిసి, నన్ను ఫెన్సు దగ్గర నిలబెట్టి రెండు పనులు అడిగింది.

"మా అక్క అక్కడ ఒక్కతే ఉంటుంది. ఫోన్లో ఎప్పుడడిగినా కాళ్లు బాగున్నాయనే అంటుంది. నువ్వు కళ్లారా చూసి చెప్పు. ఇంకోటి, ఆవిడ వండింది తిను. నా తరఫు మనిషి ఆ ఇంట్లో తిని చాలా ఏళ్లయింది."

మీరు మాంసం తినరని అక్కకు నేనే చెబుతానంది. తింటానని మాటిచ్చాను.

అక్కగారిది నల్లబడిన చెక్క ఇల్లు. కిటికీలోంచి మెట్లుమెట్లుగా వరి మడులు కనిపిస్తున్నాయి. మా వాళ్లు ఫొటోలు తీసుకుని తీసుకుని అలిసిపోయాక లోపలికి వచ్చారు. ఆవిడ తేయాకు, అల్లం కలిపి నూనెలో వేయించి కాచిన టీ గిన్నెల్లో పోసి, మరమరాలు చల్లి, ఒక్కొక్కరికీ ఒక్కో పుల్ల ఇచ్చింది. చాలనుకుంటే పుల్లను గిన్నె మీద అడ్డంగా పెట్టాలని, పెట్టేదాకా పోస్తూనే ఉంటారని మా వెంట వచ్చిన గైడు చెప్పాడు. మా వాళ్లు ఒక్క గుక్కైనా తాగకుండా పుల్లలు అడ్డం పెట్టేశారు.

తర్వాత బల్ల మీదికి రంగురంగుల జిగట అన్నం, వెదురు మొలకల కూర, గుమ్మడికాయ, టోఫు వచ్చాయి. మాంసం వండిన మూకుడు మాకు పనికిరాదని ఆవిడ నిన్న కొండ దిగి సంతకు వెళ్లి కొత్తది కొనుక్కొచ్చిందని గైడు చెప్పాడు.

"చెప్తారండీ, మనమేమన్నా చూశామా? పంది కొవ్వు వెయ్యలేదని గ్యారంటీ ఏంటి? రిస్క్ ఎందుకు, మన పులిహోర ఉందిగా," అంది మాతో వచ్చిన ఒకావిడ. బ్యాగులోంచి పొట్లాలూ, ఆవకాయ సీసా, పేపరు ప్లేట్లూ తీసి, ఆ బల్ల మీదే, ఆ గిన్నెల్ని పక్కకు జరిపి, పరిచింది.

పాస్‌పోర్టు మరిచిపోతామేమో గానీ ఆవకాయ మరిచిపోం. సరే, తెచ్చుకున్నాం, వ్యానులో తినొచ్చు కదా. ఇదే మనిషి ఆక్లాండ్‌లో తన ఇంటికి వచ్చినవాళ్లు రెండోసారి వడ్డించుకోకపోతే నెల రోజులు చెప్పుకుంటుంది. మనం వండిపెట్టిన భోజనం ముందు ఎవరైనా బర్గర్ విప్పితే ఊరుకుంటామా? మన మడీ మన ఆచారమూ మనకు గొప్పవే. ఎదుటి ముసలావిడ పడ్డ పాట్లు మాత్రం మనకు లెక్కలేదు.

ఆ మాటలన్నీ అక్కడే అనాల్సింది. అనలేదు. ఇంకా నాలుగు రోజులు కలిసి తిరగాలి, గొడవెందుకు అనుకున్నాను. నా ముందు ప్లేట్లో పులిహోర పడింది. తిన్నాను. అందరికన్నా ఎక్కువ కోపం నా మీదే.

ఆంటీ వాళ్లక్క మమ్మల్ని చూసింది. పొయ్యి దాకా గోడ పట్టుకుని నడిచి వెళ్లి మూతలు తెచ్చింది.

తిరిగొచ్చిన రోజే ఆంటీ ఫెన్సు దగ్గరికి వచ్చింది. కాళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను, గోడ పట్టుకునే నడుస్తోందని. మా కోసం సంతకు వెళ్లి కొత్త మూకుడు కొనుక్కొచ్చిందనీ చెప్పాను.

"ఆ కాళ్లతోనే సంతకు వెళ్లిందన్నమాట. వంట ఎలా ఉంది?"

"తినలేదు ఆంటీ," అన్నాను.

"అంత వంట, ఒక్కతే ఏం చేసుకుంది?" అని మాత్రం అడిగింది.

నాకు తెలియదు. మేం వ్యాను ఎక్కేసరికి ఆవిడ ఇంకా ఒక్కో గిన్నె మీదా మూత పెడుతోంది.