సిపాయి ఇంటికి సున్నం

నిన్న పొద్దున హుసేనప్ప కొడుకు ఫోన్ చేసి "కాకా, నాయన పోయిండు" అన్నాడు.

"పొద్దుగాలనే ఏం మాటలురా ఇవి" అని తిట్టి ఫోన్ కట్ చేశాను.

రెండోసారి చేశాడు. అప్పుడు నమ్మాను. నిద్రలోనే పోయాడట.

నాకు రాయడం సరిగ్గా రాదు. తప్పులుంటే ఉండనీయండి.

హుసేనప్ప రాయచూరులో ఇళ్ళకు సున్నం వేసేవాడు. నేను రైస్ మిల్లు హమాలీని. నలభై ఏళ్ళ దోస్తీ.

వాడి సంగతి ఒకటి మీలో చాలామందికి తెలియదు.

అరకేర ఊరి అవతల అడవిలో, తుమ్మ చెట్ల మధ్య ఒక సమాధి ఉంది. రాతి మీద కత్తి చెక్కి ఉంటుంది. పేరు అరిగిపోయింది. ఎవరో సిపాయి అంటారు. ఏ రాజు సిపాయో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో అత్తగారింటి మేక తప్పిపోతే వెతుకుతూ పోయి హుసేనప్ప ఆ సమాధిని చూశాడు.

అప్పటినుంచి ప్రతి ఏడూ దసరా ముందు బకెట్టు, కుంచె పట్టుకుని పోయేవాడు. నన్నూ లాక్కుపోయేవాడు.

"ఎవడో ఏమో, వానికి సున్నమేందిరా, పిచ్చోడా?" అన్నాను మొదటిసారి.

"దసరాకు అందరి ఇండ్లకు సున్నం పడతది. ఆయన ఇంటికి ఎవరు కొడతరు? నువ్వు కొడతవా?"

"నేనెందుకు కొడత? ఇదే ఆఖరు. మళ్ళ రాను."

ప్రతి ఏడూ అదే మాట అన్నాను.
ప్రతి ఏడూ పోయాను.

క్వింటాలు బస్తా మోసిన మనిషిని. మోకాళ్ళు పోయాయని ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా. దారిలో రాయి కనబడితే "బీడీ తాగుత ఆగు" అని కూర్చునేవాణ్ణి. వాడు బీడీ ముట్టడు. అయినా నిలబడేవాడు.

దారి మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. వాడి వీపు చూసుకుంటూ, తిట్టుకుంటూ నడిచాను.

నిన్న సాయంత్రం మట్టి చేశాం.

ఈరోజు బస్సెక్కి అరకేరలో దిగాను. సిపాయికి చెప్పాలి కదా, ఉన్న ఒక్క చుట్టం పోయాడని.

అడవిలో దారి తప్పాను. ఎటు చూసినా తుమ్మలే.

"హుసేనప్పా!" అని పిలిచాను. నోటి అలవాటు.

మోకాళ్ళు పట్టేశాయి. నేను బీడీ తాగే రాయి ఒకటి కనిపించింది. కూర్చుంటే చేతికి తెల్లగా అంటింది. ఇన్నేళ్ళూ పిట్టల రెట్ట అనుకున్నాను.

సున్నం.

వంగి చూశాను. రాయి కదలకుండా కింద చిన్న రాళ్ళు పేర్చి ఉన్నాయి. అడవిలో రాళ్ళు వాటంతట అవి అట్లా కుదురుగా కూర్చోవు.

కొంచెం దూరంలో ఇంకొకటి, మాసిన తెలుపు. అక్కడికి పోతే మరొకటి. మొత్తం ఐదు. నా కాళ్ళు ఎంత దూరానికి ఆగుతాయో వాడికి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు.

ఐదో రాయి దగ్గర నుంచి సమాధి కనిపించింది.

"సిపాయీ, నీ హుసేనప్ప పోయిండు" అని చెప్పాను. చాలాసేపు కూర్చున్నాను. బీడీ తాగబుద్ధి కాలేదు.

వాడి కొడుకును అడిగి ఆ కుంచె తెచ్చుకుంటాను. ఈ దసరాకు సున్నం నేనే కొడతాను. ముందు ఆ ఐదు రాళ్ళకు.

"మళ్ళ రాను" అని చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

పండుకో హుసేనప్పా. జిందగీ అంతా నిచ్చెన మీద నిలబడ్డావు. ఇక చల్లగా పండుకో.