చక్రం వెనక రాయి

నాకు బండి నేర్పింది నాయనే. ఎన్నో ఏళ్లు లారీ తోలిన మనిషి. బండి ఆపితే గేర్లో వేసి చక్రం వెనక రాయి పెట్టాలి, ఎక్కే ముందు వంగి కిందికి చూడాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ఇదీ ఆయన పాఠం. మా వైపు ఎండాకాలం చెట్టు నీడ దొరకదు కాబట్టి, ఆగిన బండి కిందే జనం నడుం వాలుస్తారు. "యాడ నిలిపినా వంగి సూడాల్సిందేనప్పా" అనేవాడు.

ఆ చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది. బాడీ మీద రెండు దెబ్బలు కొట్టి, "ఎవరన్నా ఉండారా?" అని ఒక కేక పెట్టి ఎక్కేసేవాణ్ణి. చెవులున్నవాడు లేచి వస్తాడు కదా అనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులో బోర్లు ఎండిపోయాయి. విడపనకల్లు దగ్గర ఒక రైతు తన చీనీ తోటను, అదే బత్తాయి తోటను, కట్టెలకు ఇచ్చేశాడు. ఆ కట్టెలు తేవడానికి నా పాత పికప్‌లో నేనూ నాయనా వెళ్లాం. అప్పటికి ఆయనకు బాగా చెవుడు వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. ఎగువకు ముఖం పెట్టి వాలులో బండి ఆపాను. హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. మొదటి గేర్లో వేసి, వెనక చక్రానికి రాయి పెట్టాను. రైతు అన్నానికి పోయాడు. నాయనను అక్కడే వదిలి, కట్టెలు ఎన్ని ఉన్నాయో చూద్దామని తోటలోకి వెళ్లాను.

సగం చెట్లు నరికి ఉన్నాయి. మిగిలినవి ఒక్క ఆకు లేకుండా, బూడిదరంగులో, వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి. గాలి లేదు, పిట్ట లేదు. నా అడుగుల చప్పుడే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినిపించింది. రెండుసార్లు తిరిగి చూశాను. భయం వేసింది. పట్టపగలు భయపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

బండి దగ్గరికి వచ్చేసరికి నాయన కనబడలేదు. ఎక్కడికో పోయి ఉంటాడనుకున్నాను. బండిని చెట్ల దగ్గరికి తెద్దామని, బాడీ మీద కొట్టి కేక పెట్టాను. ఎవరూ పలకలేదు. ఎక్కి క్లచ్ తొక్కాను.

తాళం ఇంకా తిప్పనే లేదు, బండి కదిలింది. చప్పుడు లేకుండా, వెనక నుంచి ఎవరో మెల్లగా లాగుతున్నట్టు. క్లచ్ తొక్కితే గేరు పట్టు వదులుతుంది, కానీ రాయి ఉండగా ఎలా కదులుతుంది? బ్రేకు తొక్కి, క్లచ్ వదిలి, బండి గేర్లో నిలిచాక దిగాను. చక్రం వెనక రాయి లేదు. దాన్ని ఈడ్చిన గీత మట్టిలో బండి కిందికి పోయి ఉంది.

వంగి చూశాను. ఆ రాయి తలకింద పెట్టుకుని నాయన నిద్రపోతున్నాడు. ముందు చక్రం ఆయన భుజానికి జానెడు దూరంలో ఆగింది.

ఇంకో రాయి తెచ్చి చక్రానికి అడ్డం పెట్టి, ఆయన్ని తట్టి లేపాను.

"రాయి ఎందుకు తీసినావు నాయనా?" అని చెవిలో అరిచాను.

"తలకింద ఏమన్నా లేకుంటే నిద్ర పట్టదప్పా. గేర్లో ఉండాది కదా" అన్నాడు తాపీగా. "అయినా నువ్వు వంగి సూడకుండా ఎక్కవు. నాకు తెల్దా?"

అవునని తల ఊపాను.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మంచం మీదే, నిద్రలోనే పోయాడు. నిజం ఆయనకు చెప్పనేలేదు. ఇప్పుడు ఎక్కడ ఆపినా వంగి చూస్తాను. కింద ఉత్త మట్టే ఉంటుంది. ఎక్కి కూర్చున్నాక మళ్లీ అనుమానం వచ్చి, దిగి ఇంకోసారి చూస్తాను.