కంచు దున్నను తోమిన యేసమ్మ

శంషాబాద్ దాటాక, విమానాలు తలల మీదుగా దిగే దారి పక్కన ఒక తోట ఉంది. ఢిల్లీలోని జాతీయ కళా మ్యూజియం తన శిల్పాల్లో పదకొండింటిని అక్కడ ఆరుబయట నిలబెట్టింది. వాటిని శుభ్రం చేసే పనిలో యేసమ్మ చేరింది. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె ఒక క్యాంటీన్లో గిన్నెలు తోమింది. చేతికొచ్చిన గిన్నె తళతళలాడందే పక్కన పెట్టే మనిషి కాదు.

మూడో రోజు ఆమె కన్ను కంచు దున్న మీద పడింది. నిలువెత్తు దున్న, ఒళ్లంతా ఆకుపచ్చ చిలుము. 'పాపం, ఎవలూ ముట్టలేదు' అనుకుంది. మర్నాడు ఇంటి నుంచి చింతపండు, కొబ్బరి పీచు తెచ్చింది. మధ్యాహ్నానికల్లా ఒక కొమ్ము, సగం మొహం బంగారంలా మెరిశాయి. చూడవచ్చినవాళ్లు ఎగబడి సెల్ఫీలు దిగారు.

అప్పుడే వచ్చిన సూపర్‌వైజర్ మల్లేశ్వర్ తల పట్టుకున్నాడు.

"ఏం జేసినవమ్మా గిది!"

"తోమిన సారూ. ఎట్ల మెరుస్తున్నదో చూడున్రి."

"ఆ పచ్చరంగు కావాలనే తెప్పిచ్చిండ్రమ్మా!"

"చిలుము కావాలనా?" యేసమ్మ చేతిలోని పీచు కింద పెట్టేసింది. ఆ పూట సద్ది డబ్బా మూత కూడా తీయలేదు.

వారం తిరిగేసరికి ఢిల్లీ నుంచి ప్రియదర్శిని వచ్చింది. శిల్పాలు పాడవకుండా చూసే నిపుణురాలు, సొంతూరు విజయవాడ. యేసమ్మ యూనిఫాం ఉతికి, మడిచి, అప్పగించడానికి సంచిలో పెట్టుకుని వచ్చింది.

ప్రియదర్శిని కొమ్ము చుట్టూ తిరిగి చూసింది. "ఎంతసేపు తోమారండీ?"

"పొద్దుగాల సంది పన్నెండింటి దాంక, మేడం."

"ఇంత శ్రద్ధగా మా ల్యాబులో కూడా ఎవరూ తోమరు. కాకపోతే తోమకూడనిది తోమారు. ఆ రంగు శిల్పి మంట పెట్టి, మందులు పూసి తెప్పించుకున్నది. పులుపు తగిలితే పోతుంది."

"ఇగ నన్ను ఇంటికి పంపుతరా?"

"పంపిస్తే వీటికి మైనం ఎవరు పూస్తారు?"

నాలుగు రోజులు కష్టపడి ప్రియదర్శిని కొమ్ముకూ మొహానికీ పాత రంగు తెప్పించింది. మంచినీళ్లతో కడగడం, ఎండలో పల్చగా మైనం పూయడం, నూలుగుడ్డతో రుద్దడం యేసమ్మకు దగ్గరుండి నేర్పింది. వెళ్తూ ఫోన్ నంబరిచ్చింది.

ఆగస్టు వానలు తగ్గాక యేసమ్మ దున్నను కడుగుతూ, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టింది. వీపు ఖంగుమంది. కడుపు మాత్రం మొద్దుగా పలికింది.

"సారూ, దున్న కడుపుల నీళ్లున్నయ్."

"కంచుల నీళ్లెట్ల బోతయమ్మా?" మల్లేశ్వర్ నవ్వేశాడు.

యేసమ్మ ప్రియదర్శినికి ఫోన్ కలిపి, దాన్ని దున్న కడుపుకు ఆనించి మళ్లీ కొట్టింది. "ఇన్నరా మేడం?"

ప్రియదర్శిని ఇంకోసారి కొట్టించుకుని వింది. "అతుకుల్లోంచి వాననీళ్లు దిగుంటాయి. కాళ్ల మధ్య, కడుపు కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉండాలి, చూడండి. ఇనుము మాత్రం పెట్టి పొడవకండి."

యేసమ్మ గడ్డిలో వెల్లకిలా పడుకుని వెతికింది. రంధ్రం నిండా కందిరీగ మట్టిగూడు కట్టేసింది. వేపపుల్లతో మెల్లగా తొలిచింది. ఎర్రటి తుప్పునీళ్లు ఆమె మొహం మీదే దూకాయి. మల్లేశ్వర్ పరుగెత్తి బకెట్లు తెచ్చాడు. నాలుగు నిండాయి. ఇంకో ఏడాది ఆగితే లోపలి ఇనుప కమ్మీలను తుప్పు తినేసి, దున్న కాళ్లు విరిగేవని ప్రియదర్శిని తర్వాత చెప్పింది.

"నాదే తప్పు, డాక్టరమ్మా," అన్నాడు మల్లేశ్వర్. ఆ పేరు తోటలో అందరి నోటా నిలిచిపోయింది.

మొన్న చలికాలం మ్యూజియం వాళ్లు ఆమెను ఢిల్లీకి పిలిపించారు, శిల్పాలను కొట్టి వినడం అక్కడి పనివాళ్లకు చూపించమని. భాష గురించి భయపడింది గానీ, పహాడీ షరీఫ్ బజారులో బేరాలాడిన ఉర్దూ చాలింది. "పరేషాన్ మత్ హో భయ్యా, హౌలే హౌలే బజావ్," కంగారు పడకుండా మెల్లగా కొట్టమని చెబుతుంటే, మీసాలవాళ్లంతా బుద్ధిగా విన్నారు.

ఇంకో వారం ఉండమని ప్రియదర్శిని బతిమాలితే యేసమ్మ ఒప్పుకోలేదు.

"మీ రొట్టెలు మంచిగనే ఉన్నయ్ మేడం. గని నాకు జర అన్నం, పచ్చిపులుసు గావాలె."